సైలెన్సర్ నీళ్లతోని నిండిన బాయి

"ఆగు గోపాల్! ట్రాలీల డీజిల్ ఇంజన్, మోకు పెట్టుకొని ఏడికి? బాయిలకు దించుతవా? ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, మక్క ఎండుతుందని పరేషాన్ గాకు. కనకవ్వా, పిలగానికి చాయ్ పొయ్యి. నేను, మీ రాజేశం మామను, చెప్తున్న ఇను. పోయిన ఎండకాలం నేను గట్లనే దించిన. నీళ్లు అడుగుకు పోయినయి, పైనుంచి ఇంజన్ గుంజుతలేదు. ఇంజన్‌ను బాయిల బండ మీద కూసోపెట్టి హ్యాండిల్ ఒక్కటే తిప్పు తిప్పిన, డుగ్గుడుగ్గుమని అందుకున్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పొగ వచ్చి ఉంటది," అన్నది హోటల్ కనకవ్వ.

"ఉత్త పొగనా! డీజిల్ మండాల్నంటే గాలి గావాలె. బాయిలున్న గాలినంత ఇంజనే తాగింది. ఇగ గాలి సాలక సగం మండుడు, సగం మసి. గా మసిని పారతోని తవ్వి గంపలల్ల మీదికి పంపిన. ఊరోళ్లు ఏడాది దాక కాటుక కొనలే!"

"మరి ఊపిరెట్ల తీసినవ్ మామా?" గోపాల్ అడిగిండు.

"తియ్యనే లే! పొద్దుగాల పీల్చింది పొద్దుమూకినంక ఇడిసిన. ఇంకోటి ఇను. డీజిల్ల బొగ్గుంటది, హైడ్రోజన్ ఉంటది. మండితే గా హైడ్రోజన్ నీళ్లయితది. చలికాలం బండి సైలెన్సర్‌కెల్లి సుక్కలు కారుడు సూడలేదా? నా ఇంజన్‌కెల్లి సుక్కలు కాదు, ధార! బాయి గట్టుదాక నిండింది, నేను తేలుకుంట మీదికి వచ్చిన. రెండు పంటలు వరి పారిచ్చి, మిగిలిన నీళ్లు గోదారిల ఇడిసిన!"

అందరు పడి పడి నవ్విన్రు. గోపాల్ గిలాస పెట్టి లేచిండు.

"నీకేం గాలేదు గదా మామా, ఇగ నాకేమైతది? దించుత."

రాజేశం బామ్మర్ది పోశం గప్పటిదాక మూలకు కూసొని ఇంటుండు. లేచి గోపాల్ చెయ్యి పట్టుకున్నడు.

"తేలుకుంట వచ్చినవా బావా? నడుముకు తాడు కట్టంది దిగనియ్యనని మా అక్క మొండికేసింది, యాదికున్నదా? ఇంజన్ అందుకున్న జరసేపటికే నీ పలుకు బందైంది. గోపాల్, పొగ గూడ శాన కనవడలే. గాలి సాలక మండితే పుట్టే విషగాలికి రంగుండదు, వాసనుండదు. నేను, అక్క కలిసి గుంజితే సచ్చినోని లెక్క మీదికి వచ్చిండు. దవాఖాన్ల కండ్లు తెరిసేదాక అక్క బుక్కెడు నీళ్లు తాగలే."

గోపాల్ మోకు చుట్టి ట్రాలీల ఓ పక్కకు పడేసిండు.

"మక్క ఎండితే ఎండనీ. కరెంటు వచ్చినంకనే నీళ్లు పెడుత."

"నా పానంల పానం పడ్డది బిడ్డా," అన్నది కనకవ్వ.

రాజేశం మీసం తిప్పిండు.

"సూసిన్రా? ఒక్క కథ చెప్పి పిలగాని పానం కాపాడిన!"

"నీ కథ ఇని దిగబోయిండు, పోశం మాట ఇని ఆగిండు," అన్నది కనకవ్వ. "చాయ్ సల్లారుతుంది, తాగు. గిది తాగుతున్నవంటే గూడ నిన్ను బాయిలకెల్లి మీదికి గుంజినోళ్ల పుణ్యమే."