పొట్ట గిటారు

అలియాబాద్‌లో గిటార్ల బక్కయ్య ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఆ ఇంటి అరుగు మీద బక్కయ్య భార్య సుశీల, మేడ్చల్ నుంచి బండేసుకొచ్చిన ప్రణయ్‌ని కూర్చోబెట్టుకుని ఎంతకీ లేవనివ్వడం లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి చెక్క గీకుతున్న చప్పుడు వస్తూనే ఉంది.

“ఇంకో చాయ్ తాగు బిడ్డా.”

“రెండయినయ్ పెద్దమ్మా. ఒక్కపారి షెడ్డులకొయ్యి నా గిటార్ జూసొస్త.”

“పోదువు తియ్యి. ఏం తొందర? నీ పెండ్లాం మంచిగున్నదా, భవిత?”

“మంచిగున్నది. గా గిటారొచ్చినంక నిన్ను బయట పండవెడ్త అంటాంది.”

“అననియ్యి. ఆడిదాయె, అనకుంటె ఎట్ల?”

“పెద్దమ్మా, రెండేండ్లాయె. నెలకొకపారి వస్తున్న. వచ్చినప్పుడల్ల నువ్వు చాయ్ వోస్తవ్, నేను తాగి పెద్దనాయినతోని రెండు మాటలు మాట్లాడి వోత.”

“చేతితోని జేసే పనిగాదుర బిడ్డా? నీదే ఆఖరిది గూడ. దుమ్ము పడద్దన్నడు డాక్టరు, ఊపిరి అందుతలేదాయె. ఇది అయినంక ఇగ ముట్టనని మా బిడ్డ శైలజకు మాటిచ్చిండు.”

“చెప్పింది శైలజక్క. ఆఖరిది నాకొస్తాందని మా దోస్తులు కుళ్లుకుంటున్నరు.”

“ఏమున్నదిర గంతగనం అండ్ల? దుకాండ్ల దొర్కయా గిటార్లు?”

“దొర్కుతయ్. పలక లెక్క సపాటుగుంటయ్. పెద్దనాయిన గట్ల చెయ్యడు గదా! ఇంత మందం చెక్క దీస్కొని పైకెల్లి గింత, లోపట్కెల్లి గింత చెక్కుకుంట చెక్కుకుంట పొట్ట తీస్తడు. వంచుడు లేదు, మిషిను లేదు.”

“గందుకే మా వాడకట్టోళ్లు పొట్ట గిటారు అంటరు.”

“ఐతారం ఐతారం శామీర్‌పేట కాడ కలుస్తం పెద్దమ్మా, ఎనిమిది మందిమి. అదీబ్ తెస్తడు, పెద్దనాయిన వానికి జేసిచ్చింది. ఒక్కడే వాయిస్తడు. మిగిలినోళ్లం కండ్లు మూసుకొని కూసుంటం. అన్వేష్ అయితే దాని సిల్లుల ముక్కువెట్టి చెక్క వాసన జూస్తడు. నవ్వకు, నిజం!”

“పిచ్చోళ్లురా మీరు.”

“పిచ్చే. ఒకదాని గొంతు ఇంకోదానికి రాదు. అదీబ్‌ది తీగ మీటితె పక్కన మనిషి నిలవడి మాట్లాడినట్టుంటది. గీ మూడేండ్ల సంది చేసినయే అన్నిట్లకన్న మంచియి. గీ చెవి ఇంకెవలికన్న వస్తదా అంటరు మావోళ్లు.”

“ఏం చెవి?”

“పెద్దనాయిన చెవి. చెక్కుకుంట నడుమ నడుమ ఏలుతోని గొట్టి ఇంటడు గదా? గా చప్పుడు వట్టే ఏడ ఆపాల్నో తెలిసేది. గోరంత ఎక్కువ చెక్కితె అయిపాయె, మల్ల అతుకువెట్టరాదు.”

“చాయ్ సల్లగైతాంది.”

“గిలాస ఖాళీ పెద్దమ్మా. ఇందాకనే తాగిన.”

“ఆఁ... అవునుర.”

“ఏమైంది? ఏమో దాస్తున్నవ్ నువ్వు.”

“ఎవ్వలకు చెప్పనంటె చెప్త. మీ ఎనిమిది మందికి గూడ.”

“చెప్ప.”

“ఒట్టు వెట్టు.”

“శైలజక్క మీద ఒట్టు. చెప్పు.”

“ఆయినకు చెవులు వోయినయ్.”

“జర తగ్గినయా?”

“వోయినయంటున్న. పిడుగు వడ్డా ఇనవడది. మూడేండ్లాయె.”

“ఏందే పెద్దమ్మా! నెలనెలా వచ్చి మాట్లాడిన గదా నేను?”

“ఆయిన మాట్లాడిండు, నువ్వు తలకాయ ఊపినవ్. నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పిన. యాద్ చేస్కో.”

“...అవును. నువ్వే చెప్పినవ్.”

“చెవుల మిషిని కొనిచ్చినం. గుయ్యిమంటదని పప్పు డబ్బల వెట్టిండు.”

“ఆగు, ఆగు. మరి మూడేండ్ల సంది చేసినయ్? అదీబ్‌ది? ఎవలిన్నరు చప్పుడు?”

“నేను.”

“నువ్వా?”

“ఇరవయ్యేండ్లు గా షెడ్డు గోడకివతల వంట జేసిన బిడ్డా. టక్, టక్, టక్. ఒకనాడు గా చప్పుడు మారుతది. ఆ పొద్దు ఆయిన పని ఆపి అన్నానికొస్తడు. నాకు సదువు రాదు గని, గది మారుడు మాత్రం ఎరుకైతది. చెవులు వోయినంక పక్కనొచ్చి కూసుంటున్న. ఆయిన గొడ్తడు, నేను ఇంట. అయిందనిపిస్తె భుజం మీద చెయ్యేస్త. ఆపుతడు.”

“నీ కాల్మొక్త పెద్దమ్మా. అదీబ్‌గానికి తెలిస్తె నీ చెవులకు దండేస్తడు.”

“నవ్వకు. నీ చెక్క సంగతి ఇను.”

“ఏమైంది నా చెక్కకు?”

“మొన్న ఐతారం నాడు పల్కింది. నా పెయ్యంత జల్లుమన్నది. భుజం మీద చెయ్యేసిన.”

“ఆపిండు గదా?”

“ఆపలే.”

“అంటె?”

“చెయ్యి నూకేసి మల్ల గీకిండు. సోమారం చెయ్యి వట్టుకున్న, ఇడిపిచ్చుకున్నడు. మంగళారం చెక్క గీకే రంద దాసివెట్టిన, గాజు పెంకుతోని గీకిండు. పక్కింటి అశ్రితతోని కాయితం మీద రాపిచ్చి ఇచ్చిన. సదివి, మడిచి జేబుల వెట్టుకున్నడు. ఇయ్యాల బేస్తారం.”

“నాలుగొద్దులా! లే పెద్దమ్మా, జల్దీ లే! ఇంకా గీకుతనే ఉన్నడు, ఇనవడ్తలేదా నీకు?”

“ఇనవడ్తాంది బిడ్డా. నాకు గూడ ఇనవడకపోతె ఎంత మంచిగుండు.”

ఇద్దరూ షెడ్డులోకి వెళ్లారు.

“పెద్దనాయినా! ఓ పెద్దనాయినా!”

“అరిస్తె ఏం లాభంరా? ఎదురుంగ వొయ్యి నిలవడు.”

“అరె, ప్రణయ్! ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? కూసో కూసో. సుశీల చాయ్ వోసిందా?”

“అది నాకియ్యి పెద్దనాయినా. ఇట్ల... నా చేతికియ్యి.”

“జూస్తవా? ఇగో. జర పైలం.”

“...పెద్దమ్మా. అప్పడం లెక్కున్నది. ఎండకు వెడితె అవతల నా ఏళ్లు మసకమసక కనవడ్తున్నయ్.”

“కొట్టి జూడు.”

“కొట్టబుద్ధి అయితలేదు.”

“కొట్టు. నేను నాలుగొద్దుల సంది ఇంటున్న.”

“...అట్టపెట్టె మీద గొట్టినట్టున్నది.”

“ముఖంల కానరానియ్యకు బిడ్డా, నీ దండం వెడ్త. నీ ముఖమే జూస్తాండు.”

“నవ్వుతున్న గదా. పెద్దనాయినా, మస్తున్నది! ఇగో, బొటనేలు జూపిస్తున్న, మస్తు! ఇగ సాలు! ఆపు!”

“ఎందుకు నవ్వుతున్నవ్ ప్రణయ్? నోటికాడ ఉన్నది నవ్వు, కండ్లల్ల లేదు. సుశీల చెప్పిందా నీకు, నాకు ఇనవడదని?”

“ఏం జెయ్యాలె పెద్దమ్మా?”

“తలకాయ ఊపు. ఇగ దాసేదేమున్నది.”

“చెప్పిందన్న మాట. మంచిగయింది. నీ చెక్క పాడయింది బిడ్డా. నాకెరుకే.”

“ఎరుకనా!”

“ఐతారం నాడే అయింది అది. ఈమె చెయ్యేసేకంటె ముందుగాలనే నా ఏళ్లకు ఎరుకైంది. ఏలు గొడ్తె చెక్క తిరిగి గొడ్తది, మోచెయ్యి దాక వస్తది. గసొంటి చెక్క నా చేతుల ఎన్నడు వడలే.”

“మరెందుకు... పెద్దమ్మా, నువ్వన్న అడుగు, మరెందుకు?”

“ఎరుకయ్యి గూడ ఎందుకు గీకినవయ్యా! పిలగాడు రెండేండ్లు తిరిగిండు గదనయ్యా! నేను చెయ్యి వట్టుకుంటి, దండం వెడ్తి, ఎందుకు గీకినవ్?”

“సుశీల పెదవులు కదులుతున్నయ్. గదే అడుగుతున్నదనుకుంట.”

“అవు! గదే!”

“నువ్వు కోపం జెయ్యకు ప్రణయ్. ఆమె మూడేండ్లాయె, పొద్దుగాల వచ్చి నా పక్కన కూసునవట్టి. గోడకవతలున్నన్ని రోజులు ఆమె పక్కనుంటె ఎట్లుంటదో నాకు తెల్వకపాయె. ఇది ఆఖరిదాయె. అయిందంటె లేసి వంటింట్లకు వోతది, మల్ల రాదు.”