ఆకాశానికి ఒప్పుకున్నవాళ్ళు

బొల్లారం. ఆదివారం పొద్దున. పెళ్ళై ఇరవై మూడు రోజులైన శ్రీలలిత, దయాకర్.

"నవ్వకండి. మా వీరరాఘవమ్మత్తయ్య పేరు మీ ఆఫీసు కాగితంలోకి ఎలా వచ్చింది?"

"ఏ అత్తయ్య?"

"పెళ్ళిలో మీ నోట్లో మూడు లడ్డూలు కుక్కిన అత్తయ్య. ఆ కాగితం గురించి ఆవిడకి నిన్న ఫోన్ వచ్చిందట."

"గామెనా. కాఫీ మస్తుంది లలితా. కప్పులు కొత్తవా?"

"దయాకర్ గారూ."

"జెర ఆగు, చెప్తా. మాది బెలూన్ పని గదా. పైకి పోయి తెల్లపొడి చల్లుతది. ఎండ తగ్గుతదా లేదా చూస్తం."

"అది పెళ్ళిచూపుల్లోనే చెప్పారు."

"గాలికి సరిహద్దు లేదు గదా. ఈడ చల్లితే ఇంకో దేశంల వాన తప్పొచ్చు. గందుకే అన్ని దేశాలోళ్ళ కమిటీ ఉంది. బెలూన్ కింద ఊర్లల్ల రెండొందల మందిని ముందుగాల అడగాలె. వాళ్ళు సంతకం పెడితేనే పర్మిషన్."

"అడిగారా?"

"అడిగే డ్యూటీ నాదే."

"అడిగారా అంటున్నా."

"పెళ్ళికి ముందు వారం అది. నువ్వు రెజిమెంటల్ బజార్ల గాజులు చూద్దామంటివి. రోజూ పోతిమి. మిర్చిబజ్జీలు తింటిమి. ఊర్లకు పోలే."

"మరి సంతకాలు?"

"శుభలేఖల లిస్టుండె లాప్‌టాప్‌ల. పేర్లు, ఫోన్ నంబర్లు..."

"మన పెళ్ళికి పిలిచినవాళ్ళా?"

"ఊర్ల పేర్లు మార్చిన. సంతకాలు నేనే పెట్టిన."

"రెండొందలూ?"

"కొన్ని ఎడమ చేత్తో."

"ఆ ఊళ్ళవాళ్ళకి తెలుసా, నెత్తిన ఏం చల్లబోతున్నారో?"

"తెల్వదు."

"ఏం పండిస్తారు అక్కడ?"

"పత్తి. వాన మీదనే ఆధారం."

"నా వైపు చూసి చెప్పండి."

"చూడలేను లలితా. సిగ్గయితుంది. రేపు పోయి కమిటీ ముందట ఒప్పుకుంట. ఎట్లయినా మీ అత్తయ్య కాదని చెప్పి ఉంటది గదా."

"లేదు. 'అవును బాబూ, నన్నడిగారు, నేనే సంతకం పెట్టాను' అందట. కొత్తల్లుడి పరువు కదా. మనవాళ్ళందరికీ ఫోన్ చేసి అదే చెప్పమందట."

"అందరికా?"

"కమిటీవాళ్ళు పదిహేనుమందికి చేశారు. పదిహేనుమందీ అవునన్నారు."

"అంటే... పర్మిషన్..."

"వచ్చేస్తుంది."

"ఒక్కరు సుత కాదనలేదా? నీలెక్క నిలదీసేటోళ్ళు ఒక్కరు లేరా మీ ఇంట్ల?"

"మీరు నా పేరు కూడా రాశారు. మొన్న నాకూ వచ్చింది ఫోన్. ముందు అవునన్నది నేనే."