అద్దాల వెనకున్న ఫ్రిజ్జే కావాలి

"టీలో చక్కెర వెయ్యకు చెల్లెమ్మా, ఇవాళ నా నోరు ముందే తీపిగా ఉంది. ఎందుకో అడగరేం? గెలిచాను! ఎవరి మీదనుకున్నారు? ఆ ఫ్రిజ్ కంపెనీ మీద. ఏమోయ్ కటింగూ, ఎక్కడికి జారుకుంటున్నావ్? నీ షాపులో కుర్చీ ఖాళీగానే ఉంది, ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. కూర్చో."

కటింగ్ షాపతను కూర్చున్నాడు. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన పెద్దాయన బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. మాట్లాడే ఆయన్ని మేమంతా మైకు అంటాం. మీటింగులకి మైకుసెట్లు, హారన్లు అద్దెకివ్వడం ఆయన పని. మైకు లేకుండా మాట్లాడినా పక్క వీధి దాకా వినిపిస్తుంది. టీకొట్టు ఆవిడ గ్లాసు ఆయన ముందు పెట్టింది, కాస్త గట్టిగానే పెట్టింది.

"మీ అందరికీ తెలుసు, మీ వదినకి షుగరు. రోజూ ఇంజక్షన్ చేసుకోవాలి. ఆ మందు చల్లగా ఉండాలి, లేకపోతే అదీ నీళ్ళూ ఒకటే. మా పాత ఫ్రిజ్ పనిచేసేది, కాదనను, కానీ గురక పెట్టేది. మా ఆవిడ మందు అలాంటి దాంట్లోనా ఉండేది? ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేసి షోరూమ్‌కి పోయాను. వాళ్ళ అద్దాల వెనక ఒకటి పెట్టారు, చూసే ఉంటారు, తలుపు మీద టీవీ, చుట్టూ లైట్లు, దారినపోయేవాళ్ళంతా ఆగి నోరెళ్ళబెట్టి చూసేది. అదే కావాలన్నాను. సేల్స్‌మన్ ఏమన్నాడు? 'గోడౌన్ నుంచి ప్యాక్ చేసింది పంపిస్తాం సార్.' డబ్బాలో ఉన్నది ఎవడు చూశాడు? ఊరంతా చూసిందే నాకు కావాలన్నా. 'అయితే ఆగండి సార్, ఇందులో ఒకటి మార్చాలి' అన్నాడు. ఏమీ మార్చక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు బండెక్కించు అన్నా. ఎక్కించాడు. నా గొంతు ముందు ఎవడైనా ఎక్కించాల్సిందే."

"ఏం మార్చాలన్నాడు?" అన్నాడు పోస్టు పెద్దాయన.

"ఎవడికి తెలుసు మావయ్యా, వాణ్ణి చెప్పనిస్తేగా! సరే, ఇంటికొచ్చింది. ప్లగ్గు పెట్టగానే నా పుట్టినరోజు అడిగింది. ఫ్రిజ్‌కి నా పుట్టినరోజెందుకండీ, కేకు చేసి పెడుతుందా? ఫోన్ నంబరు ఇమ్మంది. ఇచ్చా. మా ఇల్లు ఎక్కడో చూపించమంది. మా ఇంట్లోనే నిలబడి మా ఇల్లెక్కడని అడుగుతుందేంటి! చూపించా. తర్వాత మా పెళ్ళి ఆల్బమంత పొడుగు ఇంగ్లీషు వచ్చింది, అడుగున ఒప్పుకుంటున్నాను అని ఒక బటను. నొక్కా. మీరందరూ నొక్కేవాళ్ళే, నా వైపు అలా చూడకండి. నొక్కగానే లైట్లు, పాటలు, తలుపు మీద వాతావరణం, నాలుగు డిగ్రీలని ఇంత పెద్ద అంకె! చుట్టుపక్కలవాళ్ళు వరస కట్టి చూసి వెళ్ళారు.

"ఆ వారమే మీ వదిన బస్టాండు కౌంటర్లో టికెట్లు కొడుతూ కొడుతూ కుర్చీలోంచి జారిపోయింది."

ఇక్కడ ఆయన గొంతు కొంచెం తగ్గింది. టీ ఒక గుక్క తాగాడు.

"డాక్టరు ఆ మందు సీసా చేత్తో పట్టుకుని చూసి, 'దీన్ని ఎక్కడ పెట్టారు, ఎండలోనా?' అన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టామండీ, స్క్రీన్ మీద నాలుగు డిగ్రీలని చూపిస్తోంది అన్నా. 'లోపల చెయ్యి పెట్టి చూశారా?' అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. వెధవది, మనిషి చెయ్యి పెట్టి చూసుకోవాలంటే తలుపు మీద టీవీ ఎందుకు? ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు నాకు. మా ఆవిడ కింద పడింది! దెబ్బ తగలరాని చోట తగిలుంటే ఏమయ్యేది?

"ఫోన్ చేశా. ఎవరెత్తారు? ఎవరూ ఎత్తలేదు. ఒక రికార్డు. 'మీ కాల్ మాకు చాలా ముఖ్యం.' ముఖ్యమైతే ఎత్తవే! ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, అన్నీ నొక్కితే మళ్ళీ మొదటికి. యాప్‌లో కంప్లైంట్ పెట్టా. మెసేజ్ వచ్చింది, 'మీ ఇంటికి వచ్చాం, తలుపు వేసి ఉంది' అని. నేను గడప మీద కూర్చుని ఉన్నా! తలుపు నా వీపుకి ఆనుకుని ఉంది! వెంటనే ఇంకోటి, 'మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని. పైగా ఫోన్ తెరిస్తే చాలు, ఫ్రిజ్ కొనండి ఫ్రిజ్ కొనండి అని యాడ్లు. కొన్నాను కదరా బాబూ, దాంతోనే చస్తున్నాను కదరా! పెళ్ళయినవాణ్ణి రోజూ పెళ్ళిచూపులకి లాక్కెళ్ళినట్టు!"

"అది మాత్రం నిజం బాబాయ్," అన్నాడు కటింగ్ షాపతను. "నేను ఒక దువ్వెన చూశాను, ఏడాదిగా దువ్వెనలే."

"అందుకే నేనేం చేశానో విను. నా గోడౌన్‌లో ఉన్న హారన్లన్నీ తీసి డాబా మీద నాలుగు దిక్కులా కట్టా. ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి కలిపా. మళ్ళీ డయల్ చేశా. ఇంకేముంది, 'మీ కాల్ మాకు చాలా ముఖ్యం' అని ఊరంతా మోగింది. ఒకటి నొక్కండి అనగానే లిఫ్టుల్లో ఉన్నవాళ్ళంతా ఒకటి నొక్కేశారు, ఎక్కడి లిఫ్టులు అక్కడ మొదటి అంతస్తుకి వచ్చి ఆగిపోయాయి. వాళ్ళు వినిపించే పాట ఉంటుందే, టింగ్ టింగని, అది విని విని మా వీధి కుక్కలు కూడా ఆ రాగంలోనే మొరగడం మొదలెట్టాయి."

"నేనూ ఈ ఊళ్ళోనే ఉంటానోయ్," అన్నాడు పోస్టు పెద్దాయన. "నాకేం వినపడలేదు."

"మీరు చెవి మిషను తీసి పడుకున్నారు మావయ్యా, నన్ను చెప్పనివ్వండి. తర్వాత సంగతి తెలిస్తే మీ చేతిలో టీ ఒలికిపోతుంది, ముందు గ్లాసు కింద పెట్టండి. నేను గుండెల నిండా గాలి పీల్చి, ఆ మైకులో ఒక్క కేక పెట్టా, 'ఎత్తండ్రా ఫోనూ!' అని. ఆ కేక తీగలోంచి పోయి పోయి, వాళ్ళ హెడ్డాఫీసులో బయటికొచ్చింది. అద్దాలన్నీ ఫట్ ఫట్‌మని పగిలాయి. మేనేజర్ల మెడల్లో టైలు వెనక్కి తిరిగిపోయాయి. ఆ రికార్డు గొంతు ఉంది చూశారూ, ఎప్పుడూ ఒకే మాట చెప్పేది, దానికి వణుకు పుట్టింది. 'సార్, మీరు... మీరేమీ నొక్కకండి సార్' అంది. రికార్డు ఏడవడం ఎప్పుడైనా విన్నారా? నేను విన్నాను. 'నన్ను ఇందులో పడేసి పోయారు సార్, నా మాటా ఎవరూ వినరు' అని భోరుమంది. నేనే ఓదార్చాల్సి వచ్చింది."

"పాపం, దానికి స్టార్లు ఇచ్చావా?" కటింగ్ షాపతను.

"నవ్వు, నవ్వు. మర్నాడు పొద్దున్న మా డాబా మీద హెలికాప్టర్ దిగినప్పుడు నువ్వుండాల్సింది. ఆరేసిన బట్టలన్నీ ఎగిరిపోయాయి, నా లుంగీ ఇంకా దొరకలేదు. అందులోంచి కంపెనీ ఓనరు దిగాడు. సూటు, బూటు, చేతిలో నా నంబరు రాసుకున్న కాయితం. 'అయ్యా, ఇక అరవకండి, ఏం కావాలో అడగండి' అన్నాడు. నేను తొందరపడతానా? ముందు నీ పుట్టినరోజు చెప్పమన్నా. చెప్పాడు. మీ ఇల్లెక్కడో చూపించమన్నా. చూపించాడు. అప్పుడు డాబా మీంచి వీధిలోకి వేలాడేంత పొడుగు కాయితం ఒకటి తీసి అడుగున సంతకం పెట్టమన్నా. 'చదువుకోవచ్చా అండీ?' అన్నాడు. మేం చదివామట్రా? పెట్టు అన్నా. పెట్టేశాడు! అందులో ఏముందో తెలుసా? వాడు బతికినంతకాలం ఏ పని కావాలన్నా ఒకటి నొక్కాలి, రెండు నొక్కాలి. మంచినీళ్ళు కావాలన్నా సరే. వాళ్ళావిడతో మాట్లాడాలన్నా సరే, టింగ్ టింగ్ పాట విని తీరాలి."

"ఇది బావుంది," అన్నాడు పోస్టు పెద్దాయన మనసారా.

"అంతటితో వదిలానా! యాడ్లన్నీ ఆపమన్నా. వాడు ఒక్క ఫోన్ కొట్టాడు, దేశం మొత్తం ఫోన్లు గప్‌చుప్. ఒక్క మెసేజ్ లేదు, ఒక్క వీడియో లేదు. జనం తలకాయలెత్తి చూశారు. ఎన్నాళ్ళకి ఎత్తారో, మెడలు కిర్రుమన్న చప్పుడు మా ఇంటి దాకా వినిపించింది. ఒకాయన పక్కనున్నావిణ్ణి 'మీరెవరండీ' అని అడిగితే 'నీ పెళ్ళాన్ని' అందట. స్టార్లు స్టార్లు అని చంపారుగా, ఆ కంపెనీకి జనం ఇచ్చిన స్టార్లన్నీ వెనక్కి లాగించా. బస్తాలకెత్తి పట్టుకుపోయారు.

"ఇక మా ఫ్రిజ్ అంటారా! ఓనరు స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని బాగుచేశాడు. ఇప్పుడు చల్లదనం అంటే మామూలు చల్లదనం కాదు. పాలు రంపంతో కోసుకుంటున్నాం. తలుపు తెరిస్తే వీధి చివర బస్సు అద్దం మీద మంచు పడుతోంది, డ్రైవరు దిగి తుడుచుకుంటున్నాడు. ఎదురింటాయన మిట్టమధ్యాహ్నం స్వెట్టరు వేసుకుని తిరుగుతున్నాడు. మీ వదిన మందు అందులో మహారాణిలా పడుకుని ఉంది. మా ఆవిణ్ణి పడేసినవాళ్ళని నేను వదుల్తానా?"

టీకొట్టు ఆవిడ చేతిలోని వడకట్టుని గిన్నె మీద పడేసింది. వెనక్కి తిరిగి పాల ఫ్రిజ్ తలుపు తీసింది. అది పాతది, మూలల్లో తుప్పు పట్టింది, గురక కూడా పెడుతుంది. పాల ప్యాకెట్లు పక్కకి నెట్టి, వాటి వెనక నుంచి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"మహారాణి ఇక్కడ పడుకుంది అన్నయ్యా," అంది. "వదిన కింద పడినప్పటి నుంచీ ఇక్కడే. పొద్దున డ్యూటీకి పోతూ ఒకసారి, సాయంత్రం ఇంటికొస్తూ ఒకసారి, నా స్టౌ పక్కన ఈ మూల నిలబడి పొడుచుకుంటోంది. మీకు చెప్పొద్దంది. ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. మీరొచ్చి నా కొట్టు ముందే హెలికాప్టర్లు దింపుతుంటే ఇంక నావల్ల కాదు."

కటింగ్ షాపతను నవ్వబోయి ఆపుకున్నాడు. మైకు వెనక ఆయన భార్య వచ్చి నిలబడి ఉంది. బస్టాండు కౌంటర్లో వేసుకునే ఖాకీ కోటు ఇంకా విప్పలేదు.

"రోడ్డు అవతల నుంచే వినిపించింది," అంది. "స్టార్లు బస్తాలకెత్తిన దగ్గర్నుంచీ విన్నాను."

"అది కాదే, వీళ్ళు సరదాగా..."

"ఇవాళ నేను ఫోన్ చేశాను ఆ కంపెనీకి. మా కౌంటర్ ఫోన్ నుంచి. ఆ టింగ్ టింగ్ పాట నేనూ విన్నాను, నాకూ కడుపు మండిపోయింది. చివరికి ఒక అమ్మాయి ఎత్తింది. నిజం మనిషే. నేను మన అడ్రసు చెప్పగానే, 'అమ్మా, ముందు ఒక్క మాట అడగనివ్వండి, మీది షోరూమ్‌లో అద్దాల వెనక పెట్టిన పీసా?' అంది. అవునన్నాను. అలా పెట్టినవి చల్లబడవట. జనం చూడ్డానికి లైట్లు వెలుగుతాయి, పాటలు పాడుతుంది, నాలుగు అని అంకె చూపిస్తుంది. అంతే. ఇంటికి పంపేముందు ఆ సెట్టింగు మార్చి పంపాలట. సేల్స్‌మన్ మార్చబోయింది అదే. రెండు బటన్లు కలిపి కాసేపు నొక్కిపట్టుకోమంది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి నొక్కాను. చెయ్యి పెట్టి చూశాను కూడా. చల్లగా ఉంది."

మైకు మొహం ఎర్రబడింది. "మరి ఆ మాట నాకు చెప్పి చావొచ్చుగా వాళ్ళు! నేను ఎన్నిసార్లు చేశాను!"

"మీ నంబరు చెప్పగానే గుర్తుపట్టింది ఆ అమ్మాయి. వాళ్ళలో ఎవరెత్తినా ఆ ఒక్క మాట అడగబోయేవారట. 'సార్ అడగనివ్వరమ్మా, అరిచి ఫోన్ పెట్టేస్తారు' అంది. అంటే మీకూ మనుషులు ఎత్తారన్నమాట. రికార్డు ఒక్కటే కాదు."

పోస్టు పెద్దాయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్ళని నేనేం వెనకేసుకు రావట్లేదు," అంది ఆవిడ కోపంగానే. "ఇంటికి రాకుండానే వచ్చామని రాసినందుకు నేనూ దులిపేశాను. కానీ వాళ్ళు నాకేమవుతారు? మీరు నా మొగుడు. నా కోసం పోట్లాడుతున్నానని ఊరంతా చెప్పుకున్నారు. నా కోసం ఒక్క నిమిషం నోరు మూసుకుని అవతలి మనిషి మాట వినలేకపోయారు. నేను మళ్ళీ పడుంటే?"

కోటు విప్పి బల్ల మీద పెట్టింది. డబ్బా తీసుకుని, టీకొట్టు ఆవిడ జరిగి చోటివ్వగా, స్టౌ పక్కన మూలకి వెళ్ళి మాకు వీపు తిప్పి నిలబడింది. కాసేపటికి డబ్బా మూత పెట్టిన చప్పుడైంది.

"ఇక దీన్ని ఇంటికి పట్టుకుపోతా వదినా," అంది టీకొట్టు ఆవిడతో.

మైకు లేచి నిలబడ్డాడు. ఏదో అన్నాడు. పక్కనే కూర్చున్న మాకే వినపడలేదు.

"ఏంటీ?" అంది ఆవిడ.

"ఏ రెండు బటన్లు అని," అన్నాడాయన.