తోడుకిచ్చిన చెవి మందు

యలమంద అని ఒకామె ఉండేదంట మన పక్కూళ్ళో. ఇను మేరమ్మా, ఇందాక నువ్వడిగావే, పక్కింటోళ్ళ దగ్గర చెవి మందు అరసీసా మిగిలిందంట, మా పిల్లోడికి తెచ్చి పొయ్యనా అని, దానికే చెప్తన్నా. మేస్త్రి అటు బోరుకాడికి పోయింది, ఈలోపు చెప్పేస్తా. మీరు మిరపకాయల తొడిమలు తియ్యటం మాత్రం ఆపమాకండి, నోరు నాది, చేతులు మీయి. సరే, ఈ యలమందకి ఒక్కతే కూతురు, ఐదేళ్ళది. పేరు చివర్న చెప్తాలే. ఆ పిల్ల చెవులు ఎట్టాంటియ్యంటే, మిరపకోతకి పోయే ట్రాక్టరు ఇంకా కాలవ వంతెన ఎక్కకముందే, ‘అమ్మా, బండొచ్చె’ అని అరిచేదంట. మనకి చీమ చిటుక్కుమన్నది కూడా ఇనపడదు, దానికి బండి ఇనపడేది. అది అరిస్తే బజారు బజారంతా లేచి సద్దిగిన్నెలు కట్టుకునేదనుకో.

ఏమైందంటే, ఒక చలికాలం ఆ పిల్లకి జలుబు చేసింది. ముక్కు కారీ కారీ చెవిలోకి దిగింది. చెవిపోటంటే మామూలు పోటా తల్లీ, పడ్డోళ్ళకి తెలుసు! చెవి పట్టుకుని ఒకటే ఏడుపంట, మూడోరోజుకి దిండు మీద చీము. టౌనుకి తీసకపోతే డాక్టరమ్మ చెవిలో లైటేసి చూసి, లోపల ఒక పొర ఉండిద్దమ్మా, పొర ఎనకాల చిన్న గది, ఆ గదిలో పురుగులు చేరినయ్, మన కంటికి కనపడవు, చీము ఎక్కువై పొర చిల్లుపడి బయటికొస్తంది అన్నది. ఇదిగో ఈ సీసాలో పొడి ఉంది, కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి ఊపు, పొద్దునొక చెంచా, సాయంత్రమొక చెంచా, పది రోజులు నోట్లో పొయ్యి, తగ్గినా ఆపమాకు అన్నది. యాంటీబయాటిక్కంట ఆ మందు, నా నోరు తిరగదు గానీ.

పోసింది. మూడు రోజులకి చెవి ఆరింది, పిల్ల చెంగుచెంగున ఎగరతంది. యలమంద సీసా ఎత్తి చూస్తే సగం పైనే ఉంది. తగ్గిన పిల్లకి మందెందుకు, దండగ అనుకుంది. మన బుద్ధి మీకు తెలీదా! పెరుగు గిన్నె అడుగున కాసింత తోడుకి ఉంచకుండా ఏ ఆడది పడుకుంటది? అట్టాగే ఆ సీసాని ఉట్టి మీద పెరుగు గిన్నె పక్కనే పెట్టింది. ఆ బజార్లో ఒక మర్యాద ఉందంట, తోడు అడిగినోళ్ళకి లేదనకూడదు. పక్కింటామె, దానమ్మంట, గిన్నె పట్టుకొచ్చింది, వదినా, మా చంటోడికి చెవిపోటంట, నాలుగు చెంచాలు పొయ్యి అని. పోసింది. ఎదురింటోళ్ళకి జలుబంట, పోసింది. ఎనకింటోళ్ళకి దగ్గంట, పోసింది. ఒకామైతే మోకాళ్ళ నొప్పికి కూడా తాగిందంట, నవ్వమాకండే, నిజం! తలా రెండు చెంచాలు, తలా ఒక పూట. బజారంతా నా చేతి మందే అని యలమందకి ఎంత గొప్పో.

ఇప్పుడు చెవి లోపల ఏం జరగతందో చెప్తా ఇనండి. మందు దిగిన మొదటి రోజే మెతక పురుగులన్నీ చచ్చాంరో అని పడిపోయినయ్యంట. మూడో రోజుకి మిగిలింది నాలుగైదు మొండి ముండలు. కడమ ఏడు రోజులూ చెంచాలు పడితే అయ్యీ పోయేయే. మూలన నక్కి చూస్తన్నయ్యంట, సాయంత్రం చెంచా రాలా. పొద్దున చెంచా రాలా. అప్పుడు అన్నిట్లోకీ ముసలి పురుగు మీసం దువ్వి, ఒరే, ఆమె చెయ్యి ఆపిందిరా, ఇంక పెళ్ళిళ్ళు చేసుకోండి అన్నదంట. ఇంకేముంది! పిల్లలు, పిల్లల పిల్లలు, అంతా మొండి సంతే. అయ్యన్నీ దగ్గులెక్కి తుమ్ములెక్కి ఇల్లిల్లూ తిరిగినయ్యనుకో. ఆ ఇళ్ళల్లో కూడా అరా కొరా మందేగా, మొండియ్యి మిగిలి మెతకయ్యి చచ్చినయ్.

నెల తిరక్కముందే పిల్ల చెవి మళ్ళీ కారింది. యలమంద సీసా దించి అడుగున ఉన్నదంతా పోసింది. పులిసి వాసనొస్తంటే కూడా పోసిందంట మహాతల్లి. తగ్గలా. బజార్లో ఇంకో ముగ్గురు పిల్లల చెవులు కారతన్నయ్. ఒకరోజు పొద్దున ఏమైందంటే, ట్రాక్టరొచ్చి గుమ్మం ముందు ఆగి హారను కొట్టిందాకా ఎవ్వరికీ తెలీలా. ఒక్కళ్ళూ సద్ది కట్టుకోలా. యలమంద ఇంట్లోకి పరిగెత్తితే పిల్ల గోడ వైపు తిరిగి పలక మీద గీతలు గీస్తా కూర్చోనుంది. ఏమే అని పిలిచింది. తిరగలా. గట్టిగా పిలిచింది. తిరగలా. కంచం తీసి గరిటెతో కొట్టింది. అప్పుడు తిరిగి, ‘ఏందమ్మా, అంత మెల్లగా మాట్లాడతన్నావ్?’ అన్నదంట.

కోత మానేసి పిల్లని చంకనేసుకుని టౌనుకి పోయింది. పది రోజులూ పోశావా అని డాక్టరమ్మ అడిగితే, నా పిల్లకే ఏంది, బజారంతటికీ పోశానమ్మా అన్నది! డాక్టరమ్మ తల పట్టుకుంది. నువ్వు ఏం పని చేస్తావమ్మా అని అడిగింది. మిరప చేలోనమ్మా, కోతలకి పోతా, మందు కొట్టేటప్పుడు నీళ్ళు మోస్తా అన్నది. మరి రైతు అర మోతాదు కొడితే ఏమైద్ది అన్నది డాక్టరమ్మ. యలమంద నోరు ఊరుకుంటదా? ‘మా రైతు మొన్న అదే చేశాడమ్మా, కాసింత కొట్టి కడమ డబ్బా దాచుకున్నాడు. నేనే అడిగా, ఏందయ్యా, పురుగుని చంపుతన్నావా, సాకుతన్నావా అని. అది మొండిదైపోయి ఇప్పుడు ఆ మందుకి...’ అని మాట మధ్యలో ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ‘అమ్మా, నా బిడ్డ చెవిలో నేను పురుగుల్ని సాకానా?’ అని బావురుమన్నదంట.

డాక్టరమ్మ చీము పరీక్షకి పంపి, ఈ పురుగులకి ఆ పాత మందు పనిచెయ్యదు అని ఇంకో మందిచ్చింది. దీన్ని కూడా మొండికెత్తించావంటే నా చేతిలో ఏం లేదమ్మా అన్నది. పొర పూడుకుంటే ఇనికిడి రావచ్చు, మాట మాత్రం ఇవ్వలేను అన్నది. జలుబుకీ దగ్గుకీ ఇది మందే కాదు, మిగతా పిల్లల్ని తీసుకురా, చూసి ఎవరికి కావాలో వాళ్ళకే ఇస్తా అన్నది. యలమంద గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసింది. ఐదో గీతకి చెవి ఆరింది. దానమ్మ గిన్నె పట్టుకుని రానే వచ్చింది, వదినా, ఆరిందిగా, కడమది మావోడికి పొయ్యి అని. ఆ బజార్లో తోడు లేదన్న ఆడది అప్పటిదాకా పుట్టలా. యలమంద గుమ్మానికి అడ్డంగా నిలబడి, ‘పెరుగు కావాలంటే గిన్నెడు తీసకపో. ఈ సీసా ముట్టుకోనియ్యను. నీ పిల్లోడిని నేనే ఎత్తుకుని డాక్టరమ్మ కాడికి తీసకపోతా, పద’ అన్నది. దానమ్మ మూతి ముడుచుకుని రెండు రోజులు పలకలా. మూడోరోజు ఇద్దరూ కలిసే పోయారులే.

పది గీతలూ అయినయ్. సీసా కడిగి ఆ నీళ్ళు కూడా పోసింది. ఇనికిడి మాత్రం రాలా. వారమైంది, రెండు వారాలైంది. రోజూ ఎనక నిలబడి పిలిచి చూడటం, పిల్ల తిరక్కపోతే పొయ్యి కాడికి పోయి ఏడవటం. ఒకరోజు పొద్దున పిల్ల అన్నం తింటా తింటా చెయ్యి ఆపి, ‘అమ్మా, బండొచ్చె’ అన్నదంట. యలమందకి ఏమీ ఇనపళ్ళా. బయటికొచ్చి నిలబడింది. బజారంతా నిశ్శబ్దం. పిచ్చిపిల్ల, ఊరికే అన్నదిలే అనుకుని ఎనక్కి తిరగబోతంటే వంతెన మీద దుమ్ము లేచింది. పిల్లని ఎత్తుకుని ఏడుస్తా నవ్వుతా, బండొచ్చె బండొచ్చె అని బజారంతా తానే అరుచుకుంటా తిరిగిందంట.

అదీ సంగతి. మేరమ్మా, ఆ అరసీసా నీ గడప తొక్కిందా, నేనే వచ్చి పారబోస్తా. రేప్పొద్దున పిల్లోడిని డాక్టరుకి చూపియ్యి. ఆ పిల్ల పేరేందా? ఝాన్సీ. ఏ ఝాన్సీ ఏందే, మన మేస్త్రి ఝాన్సీ! ఆ తల్లి చుక్క వదలకుండా మందు పోసింది, అనుభవించేది మనం. రెండు కాయల గుట్టల అవతల మనం గుసగుసలాడుకున్నా ఇంటది. ఆఁ? లేదమ్మా ఝాన్సీ, ఎవరూ ఖాళీగా లేరు, చేతులు ఆడతానే ఉన్నయ్, నేనొక్కదాన్నే మాట్లాడతన్నా! చూశారా, బోరుకాడ నుంచి ఇన్నది. కానియ్యండి, తొడిమలు తియ్యండి.