చేపల పులుసు క్యారేజీ

అట్టా నా భుజం మీద చెయ్యేసి ఊరుకోబెట్టబాకండి, హనుమాయమ్మ గారూ! తిట్టండి. జుట్టు పట్టుకుని నాలుగు తగిలించండి. లోపల ఆపరేషను బల్ల మీద ఉన్నది మీ కన్నకొడుకు. వాడి తల పగలగొట్టింది నేను, మీ చేలో మిరపకాయలు కోసే జయకుమారిని. నాకు కాఫీ తెప్పిస్తారా మీరు? ఎవరన్నా వింటే నవ్విపోతారు.

వద్దండీ.

అసలు ఆ మాయదారి పాటల పండగ మన చిలకలూరిపేట పక్కనే పెట్టాలా వాళ్ళు? ఇంకెక్కడా చోటు దొరకలేదా? మూతబడ్డ జిన్నింగు మిల్లు వెనకాల, పత్తి పీకేసిన చేలల్లో, ఒకటి కాదు రెండు కాదు, ఎటు చూసినా స్టేజీలే. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి దిగారు పిల్లలు. చిరిగిన ప్యాంట్లు, పచ్చరంగు జుట్లు. సినిమా పాటలు పాడరంట అక్కడ. ఎవరి పాట వాళ్ళే కట్టుకుని పాడతారంట.

మా నతానియేలుకీ మీ బాలుకీ అక్కడ పాడమని పిలుపొచ్చిందనేసరికి మావాడు నేల మీద నిలవలేదు. వాడిది డప్పు, గొంతు. మీవాడిది గిటారు. మీకు తెలియందేముంది, మీ మేడ మీదే గదా ఇద్దరూ వాయించుకునేది!

"అమ్మా, నువ్వు రావాల్సిందే" అన్నాడు. వాళ్ళ నాన్న మాత్రం రానన్నాడు. స్టేజీ అన్నా జనం అన్నా ఆయనకి భయం. ఎందుకో మీకు తెలుసు. సరే, నేనొక్కదాన్నే బయల్దేరా. ఉత్త చేతుల్తో ఎట్టా పోతాం చెప్పండి? పొద్దున్నే మీ మిరప కల్లంలో తాలుకాయలు ఏరేసి, ఇంటికొచ్చి కొరమీను పులుసు కాచి, అన్నం వార్చి, స్టీలు క్యారేజీ నిండా సర్దా. స్టేజీ దిగంగానే ఇద్దరూ తింటారని. మీ బాలుకి నా పులుసంటే ప్రాణం గదా.

గేటు కాడ ఒక నల్లచొక్కా వాడు అడ్డం పడ్డాడు. తినే వస్తువులు లోపలికి రానీయడంట. పులుసు పారబోసి రమ్మన్నాడు, వాడి నోట్లో మన్ను బడ! అప్పుడు పరిగెత్తుకుంటా ఎవరొచ్చారనుకున్నారు? మీ బాలునే. "మా ఆంటీ! పాడేవాడి వాళ్ళమ్మ! ఈమెని ఆపుతావా నువ్వు?" అని వాడితో దెబ్బలాడి, నా చేతికి లోపలికి రానిచ్చే గుడ్డ పట్టీ కట్టించి, క్యారేజీ తనే మోసుకొచ్చాడు. స్టేజీ ముందు ఇనుప కడ్డీల కాడ నన్ను నిలబెట్టి, క్యారేజీ నా చేతికిచ్చి, "ఇక్కణ్ణించి కదలబాకు ఆంటీ" అన్నాడు.

వింటన్నారా? ఆ క్యారేజీ లోపలికి తెచ్చింది మీ బాలునే.

మా వాళ్ళకంటే ముందు ఇంకెవరో పాడారు. పాటా అది? గేదెని పొడుస్తుంటే అరిచినట్టు అరిచారు. ఆ అరుపుకి కింద ఉన్న మగపిల్లలు మధ్యలో రౌండుగా ఖాళీ చేసుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గుద్దుకోటం! మోచేతుల్తో, భుజాల్తో, తలకాయల్తో. ఒకడికి ముక్కులోంచి రక్తం బొటబొటా కారతంది. వాడేమో ఇకిలిస్తన్నాడు. పక్కనున్న పిల్లని అడిగా, "ఎందుకమ్మా కొట్టుకుంటన్నారు?" అని. "కొట్టుకోటం కాదాంటీ, డ్యాన్సు" అంది.

ఇదెక్కడి డ్యాన్సండీ! మన ఊళ్ళో కొట్టుకుంటే కొట్టుకున్నట్టే.

సరేలే, పట్నం పిల్లల వేషాలనుకుని గుండె చిక్కబట్టుకున్నా. ఇంతలో మన పిల్లలెక్కారు. మైకు పట్టుకుని మావాడు ఏమన్నాడో తెలుసా? "ఇది మా నాన్న ఏసోబు డప్పు. పెద్ద బజారులో మోగిందని ఆయన చేతివేళ్ళు విరగ్గొట్టారు. ఈరోజు ఇక్కడ మోగుద్ది" అన్నాడు. ఎందుకురా ఆ మాట అంతమంది ముందు? నేను ఇన్నేళ్ళూ నోరు కట్టుకుని బతికింది ఇందుకా?

మీరు తల దించుకోబాకండి. జరిగింది జరిగినట్టే చెప్తన్నా. ఆరోజు మా ఆడబిడ్డ పెళ్ళి. చర్చి కాడ్నుంచి ఊరేగింపుగా వస్తా మీ బజారులోకి తిరిగాం. డప్పు ఆపమన్నారు. మా ఆయన ఆపలేదు. ముందు పెద్ద అరుపు లేచింది. ఆ వెంటనే జనం మీదపడ్డారు. ఎవడో మా ఆయన కాలరు పట్టుకుని గుంజి కింద పడేశాడు. చెయ్యి రాతి మీద పెట్టించి కొట్టారండీ, ఒక్కో వేలూ. నతానియేలు నా చంకలో గుక్క పట్టి ఏడుస్తన్నాడు.

అప్పట్నుంచి జనం అట్టా అరిస్తే చాలు, నా ఒళ్ళు నా మాట వినదు. మా పేటలో ఏ ఆడదాన్నయినా అడగండి.

మావాడు ఆ మాట అనంగానే అక్కడ అదే అరుపు లేచింది. అంతమందీ ఒక్కసారే. వాళ్ళు మెచ్చుకుని అరిచారంట. నాకెట్టా తెలుసుద్ది? వాడు డప్పు కొడతన్నాడు, బాలు గిటారు వాయిస్తన్నాడు, కింద పిల్లలు మళ్ళీ గుద్దుకోటం మొదలెట్టారు. మట్టి లేచింది. నేను ప్రభువా, ప్రభువా అంటానే ఉన్నా. పాట అయిపోయే టైముకి నా కొడుకు ఏం చేశాడు? స్టేజీ అంచు కాడికొచ్చి, వెనక్కి తిరిగి, జనం మీదకి పడిపోయాడు!

పట్టుకుంటారంటండీ. చేతుల మీద మోస్తారంట. అది గౌరవమంట.

కాసేపు మోశారు. ఆ తర్వాత జారాడు. చొక్కా చిరిగింది, కాళ్ళు పైకి లేచినయి, మనిషి గుంపు కిందకి పోయాడు. వాడి అరుపు నాకు వినపడింది. "అమ్మా" అన్నాడు. ఇంకేం ఆగుతా? కడ్డీల సందులోంచి దూరి గుంపులో పడ్డా. నన్నూ గుద్దారు, తొక్కారు, జాకెట్టు చినిగింది. గుంపు తోసుకుని పోతే ఏం కనపడింది? నా కొడుకు నేల మీద. వాడి మీద ఒంగి ఒక వెడల్పాటి వీపు. ఆ వీపు వాడి చెయ్యి నా కొడుకు కాలరు పట్టుకుని గుంజుతంది.

కాలరండీ!

చేతిలోది ఎత్తి కొట్టా. క్యారేజీ ఊడింది. పులుసు, అన్నం, ముక్కలు, అన్నీ వాడి తల మీద. పులుసేదో రక్తమేదో తెలియలేదు. చుట్టూ ఉన్నోళ్ళు ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు! ముసలమ్మ కూడా డ్యాన్సు చేస్తందనుకున్నారు.

మీవాడు నా కొడుకుని కాపాడటానికి దూకాడంట. గిటారు అవతల పడేసి, తొక్కిసలాటలోంచి బయటికి లాగుతన్నాడంట. నాకేం తెలుసు?

ఇదంతా మీకు నతానియేలు చెప్పాడు గదా. "అమ్మ చూసుకోక కొట్టింది" అన్నాడు. వాడు కింద పడున్నాడు, వాడికంతే తెలుసు. బాలు పోలీసులకేం చెప్పాడు? గుంపులో ఏదో తగిలిందన్నాడు. బంగారం లాంటి పిల్లోడు, నా పేరే ఎత్తలేదు. మీరేమో "పొరపాటున జరిగింది జయా, కేసు లేకుండా మా ఆయనకి నేను చెప్తాలే" అంటన్నారు. నోరు మూసుకుని తలూపితే సరిపోద్ది. రేపు మళ్ళీ మీ చేలోకి కోతకొస్తా. అంతా మామూలే.

ఆ పొరపాటనే మాట మీరు అనకుండా ఉంటే బాగుండేదండీ. అదే నాకు మింగుడు పడటంలా.

ఇందాక డాక్టరు ఏమన్నాడు? తల వెనక దెబ్బకి కుట్లేస్తే సరిపోద్దన్నాడు. కంటి మీద దెబ్బే, చూపు నిలబడుద్దో లేదో చెప్పలేనన్నాడు. వెనకనుంచి కొడితే కంటికెట్టా తగిలిందమ్మా? మీరు అడగలేదేం? అడగటానికి మీకూ భయమేసిందా?

వెనక దెబ్బ పొరపాటే. ప్రభువు సాక్షిగా పొరపాటే. ఎవడో అనుకున్నా.

ఆ దెబ్బకి తల పట్టుకుని తిరిగాడు. నా మొహంలోకి చూశాడు. "ఆంటీ, నేను... బాలుని" అన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోను కూడా పెట్టుకోలేదు. నేనే గదా అని.

పోల్చుకున్నానండీ. పోల్చుకోకుండా ఎట్టా ఉంటా, నా చేతి ముద్ద తిన్న పిల్లోణ్ణి? కానీ ఆ మట్టిలో, ఆ అరుపుల్లో, వాడి మొహంలో నాకు మీ కళ్ళు కనపడినయి. అచ్చు మీ కళ్ళు. ఆరోజు మా ఆయన రక్తం కార్చుకుంటా అందరి ఇళ్ళూ దాటుకుని మీ గేటు కాడికే పరిగెత్తుకొచ్చాడు. హనుమాయమ్మ గారు మంచిది, లోపలికి రానిస్తదని. మీరు గేటు కాడే ఉన్నారు. ఆయన్ని చూశారు, వెనక నన్ను చూశారు, నా చంకలో బిడ్డని చూశారు. చూసి గేటేశారు. గడియ పడ్డ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ కళ్ళ మీద కొట్టా. చేతిలో మిగిలిన క్యారేజీ కాడ పట్టుకుని, తెలిసే కొట్టా.

బాలు ఏం పాపం చేశాడు? అప్పుడు మీ ఉయ్యాల్లో ఉన్నాడు. పడిపోంగానే ఒళ్ళో వేసుకున్నా. కంటి రక్తం తుడుద్దామని చెయ్యి చాపి, మిరపకాయలేరిన చెయ్యి గదా, మండుద్దని వెనక్కి తీసుకున్నా. కొట్టేటప్పుడు లేని జాలి అప్పుడెక్కణ్ణించి వచ్చిందో, పాపిష్టిదాన్ని!

లేచారా? పోండి. మీ ఆయన అంకమ్మరావు గారు వరండాలో ఎస్సైతోనే మాట్లాడతన్నారు. చెప్పండి. నా పేరు చెప్పండి, నా కొడుకుది మాత్రం వద్దు. బాలుకి చూపు నిలబడాలని నేనూ ప్రార్థన చేస్తన్నా, నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

తలుపేసి పోతారా? వెయ్యండి. మాకేం కొత్తా!