భాస్కరరావు గారి పొట్లపాదు

"మడంటే నేలమీద వేసేదనుకుంటున్నావా అమృతమ్మా? నడుమెత్తు మడి! మామిడి పెట్టెల చెక్కలు విప్పి నా చేతుల్తో బిగించాను. అందులో రెండు పొట్ల గింజలు పెట్టాను, అంతే," అన్నాడు భాస్కరరావు, టీగ్లాసు బెంచీమీద పెట్టి.

నూజివీడులో మామిడికాయల కమిషన్ వ్యాపారి ఆయన. అది ఎనభై ఆరు, జూలై. సీజన్ అయిపోయింది. సాయంత్రమైతే అమృతమ్మ టీకొట్టు దగ్గర ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"మూడోరోజుకి మొలక, పదోరోజుకి పందిరి నిండా తీగ. కాయ వంకర పోకుండా కొసకి రాయి కట్టాను. పొద్దున లేచి చూద్దునా, రాయి నేలమీద కూర్చునుంది! సరే కదా అని కింద గొయ్యి తవ్వించాను. అందులోకీ దిగింది. ఇంకా తవ్వించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గొయ్యి చాల్లేదేంటండీ?" అంది అమృతమ్మ నవ్వాపుకుంటూ.

"నీళ్లు పడ్డాయే! చాట్రాయిలో మూడు బోర్లేసినా తడి తగల్లేదు, నా పొట్లకాయ పాతాళగంగని పట్టుకుంది. మా వీధంతా ఇప్పుడు ఆ నీళ్లే తాగుతోంది. కాయ తరలించడానికి హనుమాన్ జంక్షన్ నుంచి లారీ పిలిపించాను. డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచొచ్చి, 'గూడ్సు రైలు మాట్లాడుకోండి బాబూ' అని దణ్ణం పెట్టి పోయాడు!"

కొట్టంతా నవ్వింది. భాస్కరరావు మాత్రం నవ్వలేదు. ఈ కథ ముందు ఇంట్లోనే పుట్టింది. వెన్నుపూస దెబ్బతిని ఆర్నెల్లుగా మంచం దిగని భార్య అన్నపూర్ణ రోజూ అడుగుతుంది, "మొలిచిందా అండీ?" అని. ఆవిడ లేచాక వంగే పని లేకుండా నిలబడి కాయ కోసుకోవాలని కట్టిన మడి అది. మామిడికాయలు మగ్గేయగా తన మండీలో మిగిలిన కార్బైడ్ పిండి బస్తాడుంటే, కాయని పండించేది మొక్కని పెంచదా అని మట్టిలో కలిపేశాడు. మూడుసార్లు గింజలు పెట్టాడు, మూడుసార్లూ మాడిపోయాయి. ఆ మాట చెప్పే ధైర్యం లేక మొలిచిందన్నాడు. ఆ పూట అన్నపూర్ణ రెండు ముద్దలు ఎక్కువ తింది. కొన్నాళ్లకి పూత పట్టిందన్నాడు. ఇక ఆపడం ఆయన వల్ల కాలేదు.

"ఆఖరికి నేనేం చేశానంటే..." అని మళ్లీ అందుకున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు బెంచీ చివర కూర్చున్న పున్నయ్య. మండీలో పెట్టెలు మోసే మనిషి, ఆ మడికి మట్టి మోసిందీ అతనే. "మధ్యాహ్నం అమ్మగారు కబురంపారండి. ఎల్లుండి బెజవాడ ఆస్పత్రికంటగా? మళ్లీ ఈ గుమ్మం తొక్కుతానో లేదో అన్నారండి. రేపు పొద్దున్నే నన్నూ మన మండీ కూలి పెద్దిరాజునీ వచ్చి కుర్చీతో సహా పెరట్లోకి మొయ్యమన్నారు. ఆ పాదు ఒక్కసారి కళ్లారా చూసుకుంటారంట."

"నా కొంప మునిగిందిరా పున్నయ్యా," అన్నాడు భాస్కరరావు. గభాల్న లేచాడు. "కూరగాయల మార్కెట్టు ఇంకా కట్టేసుండరు. పద, ఉన్నవాటిలో పొడుగుది చూసి ఒక పొట్లకాయ కొనుక్కొద్దాం."

పున్నయ్య కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"కాయంటే కొంటామండీ. పాదెక్కడ కొంటాం?"