వ్యాను డబ్బులు

కాదయ్యా వెల్కో, మీ తమ్ముడి హోటలే నీకు ముఖ్యమైపోయిందా? సముద్రం ఒడ్డున ఏదో కట్టుకుంటానన్నాడని మన సేవాసంఘం డబ్బు తీసుకెళ్లి వాడి చేతిలో పోస్తావా? సమాధిలో పడుకున్నావు కదా, ఈ పెళ్లాం ఏం చేస్తుందిలే అనుకున్నావేమో!

ఎవరి డబ్బయ్యా అది? ఫ్యాక్టరీ మూతబడ్డ ఏడాది పదకొండుమందిమి కూడి పెట్టుకున్న సంఘం. ఏటా ఆకులు రాలే రోజుల్లో బడి ఆవరణలో ఎర్ర బుట్టమిరపకాయలు కాల్చి, పచ్చడి చేసి, సీసాలకెత్తి అమ్మేవాళ్లం. నా వేళ్లు ఎన్నిసార్లు బొబ్బలెక్కాయో నీకు తెలీదూ? పిల్లలకి కళ్లజోళ్లు, ముసలాళ్లకి చలికాలం కట్టెలు... అన్నీ ఆ సీసాల మీదే.

తొంభై ఏడులో మన లెవా విలువ పడిపోయి, ధరలు మండిపోయి, మూడేళ్లు కూడబెట్టింది పిండి బస్తాక్కూడా చాల్లేదు. అప్పుడు మన సంఘంలో మింకా ఏమంది? "ఏడుపెందుకర్రా, పొయ్యి వెలిగించండి" అంది. మళ్లీ సున్నా నుంచి మొదలెట్టాం.

ఇరవై ఏళ్లకి పంతొమ్మిది వేల లెవాలు! కిడ్నీ జబ్బు వాళ్లని పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లే వ్యాను కోసం. ఆ మింకాయే ఇప్పుడు వారానికి మూడుసార్లు, రెండేసి బస్సులు మారి డయాలసిస్‌కి పోతోంది, తెలుసా?

ఆఁ, తెలుసులే. తెలిసే చేశావు.

నువ్వు పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక బ్యాంకుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి గొంతు తగ్గించి, "పెద్దమ్మా, ఇందులో ముప్పై లెవాలే ఉన్నాయి" అంది. నవ్వాను! సరిగ్గా చూడమ్మా అన్నాను. డబ్బు తీసిన కాగితాలు చూపించింది. అన్నిటిమీదా అధ్యక్షుడిగా నీ సంతకం, కోశాధికారిగా నాది.

మీటింగులో ఏం జరిగిందో వింటావా? వ్యాను మీద నీ పేరు రాయిద్దామని చేతులెత్తారు. అందరూ! నేను లేచి చెప్పేశాను. మరి చెప్పకుండా ఎలా ఉంటాను?

మింకా ఒక్కతే, "మరి నీ సంతకమేమిటే రుస్కా?" అనడిగింది.

"ఖాళీ కాగితాల మీద పెట్టించుకున్నాడు" అన్నాను. అబద్ధమేం కాదుగా.

నీ ద్రాక్షతోట అమ్మేశాను. పదకొండు వేలొచ్చింది, సంఘానికి కట్టేశాను. మీ తమ్ముడు ఫోనెత్తడు. వ్యాను రాలేదు. లెక్కల పుస్తకం నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. బస్టాపులో కనబడితే మింకా తల తిప్పేసుకుంటోంది.

ఒక్కటి మాత్రం వాళ్లకి చెప్పలేదు. "ఖాళీవెందుకయ్యా?" అని ఆ రోజు నిన్నడిగాను, గుర్తుందా? "నా మీద నమ్మకం లేదా?" అని ముఖం మాడ్చుకున్నావు. నువ్వడిగింది రెండు సంతకాలే. అయ్యో, నొప్పించానే అని, నా అంతట నేనే ఐదు పెట్టిచ్చాను.